అడగనిదే అమ్మైనా పెట్టదు

జుక్కల్ దగ్గరి ఒక ఊరి నుంచి ఒక తండ్రి మా బడికి వచ్చిండు. బిడ్డకు హైదరాబాద్‌ల పెద్ద అమెరికా కంపెనీ కొలువు దొరికింది. మిఠాయి పొట్లం చేతుల పెట్టి, పొయ్యేముందు గడప కాడ ఆగి ఒక మాట అడిగిండు: "సారూ, ఆ కంపెనీ దొర మంచోడేనా?"

మేం నవ్వలేదు. ఆయన చిన్నతనంల ఏడేండ్లు జీతం ఉన్న మనిషి. మన దిక్కు జీతం అంటే నెలకోసారి బ్యాంకుల పడే పైసలు కాదు. ఉగాదికి మాట్లాడుకొని మళ్ళీ ఉగాది దాకా పటేలు కొట్టంల పండుడు, లేచుడు. దొర మంచోడైతే కడుపునిండ అన్నం, చెడ్డోడైతే దెబ్బలు. నడుమ చట్టం లేదు, కాయిదం లేదు, సంఘం లేదు. అందుకే ఆయన అట్ల అడిగిండు.

ఇయ్యాల చదువుకున్నోళ్ళు కూడా అదే అడుగుతున్నారు. పెద్ద కంపెనీల గురించి పత్రికలు రాసేది చూడండి. సారు ఎంత వినయం, ఎంత దయ, ఎంత ఓపిక! అందులో ముందు వినిపించే పేరు మన హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్లది. ఆయన తండ్రి యుగంధర్ ఐఏఎస్ అధికారి. కేంద్రంలో గ్రామీణాభివృద్ధి కార్యదర్శిగా, తర్వాత ప్రణాళికా సంఘం సభ్యుడిగా పనిచేశారు. కొడుకు 1992లో మైక్రోసాఫ్ట్‌లో చేరి, 2014 ఫిబ్రవరి 4న దానికి అధిపతి అయ్యారు.

అంతకుముందు ఆ కంపెనీలో 'స్టాక్ ర్యాంకింగ్' అనే పద్ధతి ఉండేది. ఒక టీంల పది మంది ఉన్నరనుకోండి. పది మందీ చెమటోడ్చి బాగా చేసినా సరే, ఇద్దర్ని పై మెట్టు మీద, చాలామందిని నడిమి మెట్టు మీద, ఒకర్నో ఇద్దర్నో అడుగు మెట్టు మీద కూసోబెట్టాల్సిందే. అడుగున పడ్డోడికి బోనసు పోతది, కొలువుకే ఎసరొస్తది. జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో జాక్ వెల్చ్ ఇట్లాంటి పద్ధతినే గొప్పగా నడిపించి, ఏటా కింది పది శాతం మందిని సాగనంపాలన్నాడు. దీంతో ఏమైంది? పక్కోడు ఎదిగితే నేను పడిపోత అని మైక్రోసాఫ్ట్‌లో ఒకడి పని ఒకడు దాచుకున్నరు. గట్టోళ్ళు ఇంకో గట్టోడున్న టీంలకు పోమన్నరు. 2012లో 'వానిటీ ఫెయిర్' పత్రిక ఈ సంగతంతా బయటపెట్టింది.

మనుషుల్ని మెట్ల మీద కూసోబెట్టుడు, కింది మెట్టోడు పక్కోడితో కొట్లాడుతుంటే పైనోడు సల్లగుండుడు. ఇది మనకు కొత్త ముచ్చటనా? బాబాసాహెబ్ మెట్ల మెట్ల అసమానత అన్నది దీన్నే కదా. కంపెనీల మెట్టు ఏడాదికోసారన్నా మారుతది. కులంల పుట్టకముందే రాసిపెట్టి ఉంటది.

ఆ పద్ధతిని 2013 నవంబర్‌లో ఎత్తేశారు. అప్పటికి కుర్చీలో ఉన్నది స్టీవ్ బామర్. పొగడ్తలు మాత్రం తర్వాత వచ్చిన ఆయన ఖాతాల పడ్డయి. పాత సర్పంచ్ మంజూరు చేయించిన రోడ్డుకు కొత్త సర్పంచ్ కొబ్బరికాయ కొట్టినట్టు! అయినా ఉన్నది ఉన్నట్టు చెప్పాలె. అన్నీ తెలుసనేటోడు వద్దు, అన్నీ నేర్చుకునేటోడు కావాలె అని నాదెళ్ల కంపెనీకి చెప్పారు. బామర్ 2001లో క్యాన్సర్ అని తిట్టిన లినక్స్‌తో దోస్తీ చేశారు. దానికి విలువ ఇస్తం. అదే దయగల కంపెనీ 2014 జులైలో 18,000 దాకా, 2023 జనవరిలో 10,000, 2025లో 15,000కు పైగా కొలువులు తీసేసింది. మంచి మాట చెప్పే నోరూ తీసేసే చెయ్యీ ఒక్క మనిషియే అయితయి.

అసలు ముచ్చట 2014 అక్టోబర్ 9ది. అమెరికాలో ఫీనిక్స్ పట్నంలో కంప్యూటర్ రంగంలోని ఆడవాళ్ళ పెద్ద సభ. జీతం పెంచమని అడగడానికి జంకే ఆడవాళ్ళకు ఏం సలహా ఇస్తారని నాదెళ్లను అడిగారు. అడగాల్సిన పని లేదు, వ్యవస్థే సమయానికి ఇస్తదని నమ్మండి, అడగకుండ ఉండుడే మంచి కర్మ అన్న అర్థం వచ్చేట్టు చెప్పారు.

కర్మ! అమెరికా వాళ్ళ చెవులకు అది ఏదో తీయటి మాట కావచ్చు. మన చెవులకు కాదు. కల్లం కాడ ఇంకో కుంచం గింజలడిగిన మా తాతలకు "నీ కర్మ గింతే" అనే కదా కొలిచింది.

కాని అక్కడ ఏమైంది? ఎదురుగా కూసున్న మరియా క్లావే, ఆ కంపెనీ బోర్డులో సభ్యురాలు, అదే వేదిక మీద నేను ఒప్పుకోనన్నది. సభలోని ఆడవాళ్ళు, బయటి ఆడవాళ్ళు పేర్లు పెట్టి మరీ దులిపేశారు. పొద్దు గూకకముందే ఆయన దిగివచ్చి, నేను చెప్పింది పూర్తిగా తప్పు, జీతం పెరగాలనుకుంటే అడగండి అని ఉద్యోగులకు రాశారు. ఆయన మంచితనం వల్లనే ఇది జరిగిందంటే మేం ఒప్పుకోం. అడిగేటోళ్ళకు నోరుంది, ఆ నోటికి పేరుంది, పేరు చెబితే కొలువు పోదన్న ధీమా ఉంది.

ఇంకో సంగతి చూడండి. 2020 అక్టోబర్‌లో గూగుల్, యాపిల్, మైక్రోసాఫ్ట్, సిస్కో లాంటి కంపెనీల్లో పనిచేసే 30 మంది దళిత ఆడబిడ్డలు, అందరూ ఇంజనీర్లే, అక్కడి భారతీయ మేనేజర్ల కింద తాము పడుతున్న కులవివక్ష గురించి ప్రకటన ఇచ్చారు. ఒక్కరి పేరు కూడా లేదు. అదే ఏడు జూన్ 30న కాలిఫోర్నియా రాష్ట్ర ప్రభుత్వ శాఖ సిస్కో మీద కేసు వేసింది. ఒక దళిత ఇంజనీరును పై అధికారులు కులం పేరుతో తొక్కారని, ఫిర్యాదు చేస్తే కులవివక్ష చట్టవిరుద్ధం కాదని కంపెనీ తేల్చిందని ఆరోపణ. సిస్కో ఒప్పుకోలేదు. 2023 ఏప్రిల్‌లో ఇద్దరు మేనేజర్ల మీద కేసును ప్రభుత్వమే వెనక్కి తీసుకుని, కంపెనీ మీద ఉంచింది. ఆ ఇంజనీరు పేరు కోర్టు కాయిదాల్లో 'జాన్ డో'. పేరు బయటపెట్టలేనోళ్ళకు అక్కడి కోర్టులు పెట్టే ఉత్త పేరు.

ఫీనిక్స్ ఆడవాళ్ళకు పొద్దు గూకకముందే క్షమాపణ దొరికింది. ఈ 30 మంది పేరు కూడా చెప్పుకోలేదు. కంపెనీ సంస్కృతి ఏందో తెల్వాలంటే ఈ రెండింటి నడుమ దూరం కొలవాలె.

దూరం తగ్గింది కూడా అడిగిన కాడనే. మైక్రోసాఫ్ట్ పక్కనే ఉన్న సియాటిల్ నగరం 2023 ఫిబ్రవరి 21న కులవివక్షను నిషేధించింది. అమెరికాలో అట్ల చేసిన మొదటి నగరం అదే. యాపిల్ తన ఉద్యోగుల నియమాల్లో కులం అన్న మాట చేర్చింది. కాలిఫోర్నియా శాసనసభ ఆమోదించిన బిల్లును మాత్రం గవర్నర్ 2023 అక్టోబర్‌లో వెనక్కి కొట్టాడు.

ఇదంతా రాస్తుంటే మా సంఘం గుర్తొచ్చి సిగ్గయితున్నది. ఒక అంబేద్కర్ జయంతి తర్వాత లెక్కల మీటింగ్‌ల, టెంటు కిరాయి గంత ఎందుకైందని డిగ్రీ చదివే ఒక పిల్ల అడిగింది. "పెద్దోళ్ళు మాట్లాడంగ నడుమ నువ్వేంది" అన్నం. అన్నది మేమే. ఆ పిల్ల మళ్ళ ఏడాది దాకా మీటింగుకు రాలే. కుర్చీలు మాకు, చాపలు ఆడోళ్ళకు, మైకు ఒక్కరికి. మనది మాత్రం ఏం సంస్కృతి? ఇప్పుడు లెక్కలు ఆ పిల్లనే చదువుతున్నది. అందరికన్నా చిన్నోళ్ళు ముందు మాట్లాడాలని నియమం పెట్టుకున్నం. పెద్దోళ్ళకు కష్టంగనే ఉంది, మాకు కూడ.

ఆ తండ్రికి మేం చెప్పింది ఒక్కటే. "దొర సంగతి వదిలెయ్ అన్నా. బిడ్డకు ఇచ్చిన కాయిదాలు పంపమను." పంపింది. నలుగురం కూసొని నిఘంటువు పెట్టుకొని చదివినం. వివక్ష చూపొద్దన్న పేజీల మతం ఉంది, రంగు ఉంది, లింగం ఉంది, వైకల్యం ఉంది. కులం లేదు. ప్రైవేటు కొలువులల్ల రిజర్వేషన్ ఎట్లాగూ లేకపాయె, కనీసం మాటన్నా ఉండొద్దా? ఎందుకు లేదని కంపెనీకి ఉత్తరం రాస్తున్నం. చేరి నెల కాలేదు, ఆ బిడ్డ పేరు పెట్టలేం. సంఘం పేరు మీద, మా సంతకాలతో పోతది. మన మండలంల ఇంకెవరి పిల్లలైనా గిట్లాంటి కంపెనీలల్ల ఉంటే వాళ్ళ కాయిదాల నకలు మాకు పంపండి, పేరు అక్కర లేదు. జవాబొస్తే వచ్చే పక్షం అచ్చేస్తం. రాకుంటే రాలేదనీ అచ్చేస్తం.