మంక్ గారి బాణీ, మన దీర్ఘాలు

రైసూత్ పోర్టులోనూ చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లోనూ పనిచేసే తెలుగువాళ్ళలో పాడేవాళ్ళ గుంపొకటుంది. శుక్రవారం సలాలా వెళ్ళి పాడతారు. ఈమధ్య ఓ తీర్మానం చేశారు. ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పక్కనపెట్టి, ఇంగ్లీషు బాణీల్లోకి తెలుగు మాటలెక్కించి పాడతారట. కీర్తనలు పాతచింతకాయ పచ్చడట, కీబోర్డు మీద కుదరవట! మొదటి బలి ‘అబైడ్ విత్ మీ’. వినగానే ఒళ్ళు మండింది.

ఆ బాణీ మీద నాకేం కోపం లేదు. కట్టినాయన విలియం హెన్రీ మంక్. లండన్ స్టోక్ న్యూయింగ్టన్‌లోని సెయింట్ మథయస్ చర్చిలో 1852 నుంచి 1889లో పోయేదాకా ఆర్గనిస్టు. 1861లో వచ్చిన ‘హిమ్స్ ఏన్షెంట్ అండ్ మోడర్న్’ అనే ఆంగ్లికన్ పాటల పుస్తకానికి సంగీత సంపాదకుడు కూడా. ఈ బాణీ అందులోదే. గాంధీగారికి ప్రాణం ఆ పాటంటే. 2022లో ఢిల్లీ బీటింగ్ రిట్రీట్‌లోంచి దాన్ని తీసేస్తే ‘పరాయిది పోయింది’ అని చంకలు గుద్దుకున్నవాళ్ళ వాదన కూడా నాకు ఎక్కదు.

నా గొడవ వేరే. మొదటి పాదంలో స్వరాల నిడివి చూడండి: గురువు, రెండు లఘువులు, రెండు గురువులు, నాలుగు లఘువులు, చివర బాగా పొడుగాటి గురువు. ఇంగ్లీషులో మొదటి ‘అ’ని ఎంత సాగదీసినా ‘అబైడ్’ అబైడే. తెలుగులో ‘పడు’ సాగితే ‘పాడు’, ‘కలము’ సాగితే ‘కాలము’. మావాళ్ళు అక్షరాలు పది లెక్కపెట్టారు గానీ లఘువూ గురువూ చూళ్ళేదు. డేటా టైపు చూడకుండా ఫీల్డు పొడవు ఒక్కటే సరిచూసి డేటా లోడ్ చేసినట్టు! ‘విడువకు’ అని వేడుకోవాల్సిన చోట ‘వీడువకు’ అని వినపడింది. వీడెవడండీ?

పురుషోత్తమ చౌధరి ఈ తిప్పలే పడలేదు. 1803లో పర్లాకిమిడి దగ్గర పుట్టి 1890లో పోయారు. అంటే మంక్ బతికున్నన్నాళ్ళూ ఈయనా ఉన్నారు. వందకు పైగా కీర్తనలు రాశారు, పల్లవీ చరణాలతో, రాగతాళాలతో. మన సంగీతంలో మాత్రం సాగదీత లేదా అంటారు. ఉంది. కానీ అక్కడ మాటని బట్టి బాణీ నడిచింది, తాళం లోపల సర్దుకునే చోటుంది. మంక్ పద్ధతిలో నాలుగు గొంతులూ ఒకే అక్షరం మీద ఒకేసారి అడుగెయ్యాలి. ఇక సర్దుకునేదెక్కడ?

మంక్‌ని ఇంగ్లీషులోనే హాయిగా పాడుకోండి, నేనూ గొంతు కలుపుతా. తెలుగులో పాడాలనుకున్నప్పుడు మాత్రం చౌధరిని తియ్యండి. కీబోర్డు మీద కుదరవన్న పెద్దమనిషికి ఒక్క మాట: శంకరాభరణం స్వరాలూ, మీ మేజర్ స్కేలూ ఒకటే. సీ నుంచి మొదలెడితే ఆ నల్లమెట్ల జోలికే వెళ్ళక్కర్లేదు.