రిలేలో అంకె తప్పితే ఊరంతా చీకటే
పుదుచ్చేరి విద్యుత్ భద్రతకు సెట్టింగుల తనిఖీయే కీలకం

పుదుచ్చేరి: తాను వినియోగించే విద్యుత్తులో అధిక భాగాన్ని బయటి నుంచి తెచ్చుకునే పుదుచ్చేరిలో విద్యుత్ భద్రతపై చర్చ సాధారణంగా కొనుగోలు ధర, టారిఫ్, ప్రైవేటీకరణ చుట్టూ తిరుగుతుంటుంది. అయితే సబ్‌స్టేషన్లలోని రక్షణ రిలేలలో ఏ అంకెలు నమోదై ఉన్నాయి, వాటిని ఎవరు నిర్ణయించారు, చివరిసారి ఎవరు సరిచూశారు అన్న ప్రశ్నలు కూడా అంతే ముఖ్యమైనవి. గత అనుభవాలు ఇదే విషయాన్ని స్పష్టం చేస్తున్నాయి.

ఈ కేంద్రపాలిత ప్రాంతానికి చెప్పుకోదగ్గ సొంత ఉత్పత్తి కేంద్రం కారైకాల్‌లోని 32.5 మెగావాట్ల గ్యాస్ విద్యుత్ కేంద్రం ఒక్కటే. మిగిలిన అవసరాలకు నైవేలీ, కల్పాక్కం, రామగుండం, సింహాద్రి వంటి కేంద్ర రంగ ప్లాంట్లలోని వాటాలే ఆధారం. తెలుగువారి ప్రాంతమైన యానాంకు ఆంధ్రప్రదేశ్ నుంచి, మాహేకు కేరళ నుంచి సరఫరా అందుతోంది. పుదుచ్చేరి ప్రాంతంలోని విల్లియనూర్, బాహూర్, తొండమానత్తం 230 కేవీ సబ్‌స్టేషన్లు బయటి విద్యుత్తుకు ముఖద్వారాల వంటివి. అక్కడ ఒక బ్రేకర్ అకారణంగా తెరుచుకుంటే వేలాది ఇళ్లపై ఆ ప్రభావం పడుతుంది.

డిస్కు నుంచి కంప్యూటర్‌కు

లైనులోని కరెంటును, వోల్టేజిని అనుక్షణం గమనిస్తూ, లోపం తలెత్తగానే సర్క్యూట్ బ్రేకర్‌ను ట్రిప్ చేయించడమే రిలే పని. పాతకాలపు రిలేలో ఒక లోహపు డిస్కు తిరిగేది. ఒక్కో పనికి ఒక్కో రిలే అవసరమయ్యేది. 1984లో అమెరికా ఇంజినీరు ఎడ్మండ్ ష్వైట్జర్ స్థాపించిన సంస్థ డిజిటల్ రిలేను మార్కెట్‌లోకి తెచ్చింది. నేడు ఒకే పెట్టె ఓవర్ కరెంట్, ఎర్త్ ఫాల్ట్, డిస్టెన్స్ రక్షణలతో పాటు లోపం జరిగిన క్షణాన్ని రికార్డు చేసే పనిని కూడా నిర్వహిస్తోంది.

కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో జారీ చేసిన గ్రిడ్ ప్రమాణాల ప్రకారం 400 కేవీ లైన్లపై లోపాన్ని 100 మిల్లీ సెకన్లలోగా, 220 కేవీ లైన్లపై 160 మిల్లీ సెకన్లలోగా తొలగించాలి. మానవ ప్రమేయానికి తావులేని ఈ వ్యవధిలో తీసుకోవలసిన నిర్ణయాన్ని ఇంజినీరు ముందుగానే అంకెల రూపంలో రిలేకు అప్పగిస్తాడు.

ఆ అంకెల్లో పొరపాటు దొర్లితే యంత్రం దానినే నమ్మకంగా అమలు చేస్తుంది. ఉదాహరణకు, 400/1 నిష్పత్తి గల కరెంట్ ట్రాన్స్‌ఫార్మర్ స్థానంలో 800/1 అమర్చి, ఆ మార్పును రిలేలో నమోదు చేయకపోతే లైనులోని కరెంటు రిలేకు సగంగానే కనిపిస్తుంది. ఫలితంగా లోపం తలెత్తినా అది ఆలస్యంగా స్పందించవచ్చు, అసలు స్పందించకపోవచ్చు. అదేవిధంగా 11 కేవీ ఫీడర్‌పై లోపం వస్తే ముందు ఆ ఫీడరే విడిపోవాలి. పై స్థాయి రిలే మరికొంత సమయం వేచి ఉండాలి. ఈ వ్యవధుల పొందిక చెదిరితే ఒక వీధికి పరిమితం కావలసిన అంతరాయం ఊరంతటికీ పాకుతుంది.

2012 నేర్పిన పాఠం

2012 జూలై 30, 31 తేదీల్లో ఉత్తర భారతం అంధకారంలో మునిగిన ఘటన ఇందుకు ప్రబల నిదర్శనం. రెండో రోజున ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కుప్పకూలగా దాదాపు 60 కోట్ల మంది నివసించే ప్రాంతాలపై ప్రభావం పడింది. మధ్యప్రదేశ్‌లోని 400 కేవీ బినా - గ్వాలియర్ లైను ట్రిప్ కావడం ఆ పతనానికి నాంది పలికింది. లైనుపై అసలు లోపమే లేదు. అధిక లోడును దూరంలోని లోపంగా రిలే మూడో జోన్ భావించిందని విచారణ కమిటీ నిర్ధారించింది. గ్రిడ్ అప్పటికే బలహీనపడి ఉండటం, అదనపు విద్యుత్ వాడకాన్ని రాష్ట్రాలు నియంత్రించకపోవడం కూడా కారణాలేనని పేర్కొంది.

నాడు దక్షిణ గ్రిడ్ మిగతా దేశంతో ఒకే ఫ్రీక్వెన్సీపై అనుసంధానం కానందున పుదుచ్చేరి, ఆంధ్రప్రదేశ్ ఆ ముప్పును తప్పించుకున్నాయి. 2013 డిసెంబర్ 31న రాయచూర్ - షోలాపూర్ లైనుతో ఆ అనుసంధానం పూర్తయింది. దేశవ్యాప్త గ్రిడ్ లాభాలతో పాటు దాని ప్రమాదాల్లోనూ దక్షిణాదికి భాగం ఏర్పడింది.

తుపాను వేళ అసలు పరీక్ష

పుదుచ్చేరికి మరో ప్రత్యేక సమస్య తుపానులు. 2011 డిసెంబర్‌లో థానే, 2024 నవంబర్ నెలాఖరులో ఫెంజల్ తుపాను ఈ తీరాన్ని అతలాకుతలం చేశాయి. గాలికి తెగిన తీగ పొడి ఇసుకపైనో, తారు రోడ్డుపైనో పడినప్పుడు ప్రవహించే కరెంటు సాధారణ లోడు కన్నా తక్కువగా ఉండవచ్చు. అటువంటప్పుడు ఓవర్ కరెంట్ రిలే దానిని గుర్తించలేదు. తాకినవారి ప్రాణాలకు మాత్రం ముప్పు తప్పదు. ఎర్త్ ఫాల్ట్ సెట్టింగును బాగా తగ్గిస్తే చెట్టుకొమ్మ తగిలినా సరఫరా నిలిచిపోతుంది. ఎక్కడ గీత గీయాలన్నది ప్రజల ప్రాణాలతో ముడిపడిన నిర్ణయం. లోపం తర్వాత లైనును తనంతట తానే తిరిగి కలిపే ఆటో రీక్లోజ్ సదుపాయం విషయంలోనూ ఇంతే. తాత్కాలిక లోపాలు ఎక్కువగా ఉండే ఓవర్‌హెడ్ లైన్లకు అది మేలు చేస్తుంది. భూగర్భ కేబుల్‌లో లోపం సాధారణంగా శాశ్వతం కాబట్టి తిరిగి కలపడం వల్ల నష్టం పెరుగుతుంది.

నమోదై ఉన్న అంకె గ్రిడ్ నిర్వాహకులకు తెలియకపోతే ఏమవుతుందో 2016 సెప్టెంబర్ 28న దక్షిణ ఆస్ట్రేలియాలో తేలింది. తుపాను గాలులకు లైన్లు దెబ్బతిని వోల్టేజి పదేపదే పడిపోగా, పలు పవన విద్యుత్ కేంద్రాలు తమ నియంత్రణ వ్యవస్థల్లోని పరిమితి మేరకు ఉత్పత్తిని తగ్గించాయి. రాష్ట్రమంతా చీకటైంది. అటువంటి పరిమితి ఉన్నట్లు గ్రిడ్ నిర్వాహకులకు ఆనాటి వరకు తెలియదు. తర్వాత ఆ సెట్టింగులను మార్చారు.

నిబంధన ఉంది, ఆచరణే ముఖ్యం

కేంద్ర విద్యుత్ నియంత్రణ సంఘం రూపొందించిన 2023 గ్రిడ్ కోడ్ రక్షణ వ్యవస్థలకు ప్రత్యేక అధ్యాయాన్ని కేటాయించింది. సంస్థలు ఏటా అంతర్గత తనిఖీ, అయిదేళ్లకోసారి బయటి సంస్థతో తనిఖీ జరిపించాలని నిర్దేశించింది. పుదుచ్చేరి సభ్యత్వం ఉన్న దక్షిణ ప్రాంతీయ విద్యుత్ కమిటీ ఈ సమన్వయానికి వేదిక. అయితే పౌరుల ఇళ్లకు చేరువగా ఉండే 11 కేవీ ఫీడర్ల రిలేలపై ఈ స్థాయి నిఘా లేకపోవడం గమనార్హం. వాటి బాధ్యత ప్రధానంగా పంపిణీ సంస్థదే.

విద్యుత్ పంపిణీని ప్రైవేటుపరం చేస్తామని కేంద్రం 2020లో ప్రకటించగా, 2022 సెప్టెంబర్‌లో పుదుచ్చేరి సిబ్బంది సమ్మెకు దిగారు. యాజమాన్యం ఎవరిదైనా ప్రతి సెట్టింగుకు లిఖితపూర్వక ఆమోదం, మార్పుల రిజిస్టరు, పాస్‌వర్డుపై అదుపు, ప్రతి ట్రిప్ తర్వాత రికార్డుల పరిశీలన తప్పనిసరి. టెండరు పత్రాల్లోనూ, టారిఫ్ విచారణల్లోనూ ఈ అంశానికి చోటు దక్కకపోతే రిలేలను ఎంత ఆధునికీకరించినా వినియోగదారుడికి ఒరిగేది స్వల్పమే.