గిటారు కొనబోయే ముందు

ఎంతో ఉత్సాహంతో గిటారు చేతబట్టిన పిల్లలలో అనేకులు నాలుగు నెలలు తిరగకముందే దానిని గోడకు తగిలించి ఊరుకుంటారు. “మా వాడికి సంగీతం అబ్బలేదు” అని పెద్దలు తేల్చివేస్తారు. పిల్లవాడు కూడ దానినే నమ్ముతాడు. కాని లోపం తరచుగా చేతిలోనూ ఉండదు, చెవిలోనూ ఉండదు. కొన్న వాద్యంలో ఉంటుంది. తీగలు మరీ ఎత్తుగా ఉన్న గిటారును నొక్కడానికి పెద్దవారి వ్రేళ్ళే నొప్పి పుడతాయి. మెట్లు తప్పుగా అమరిన గిటారుపై ఎంత సాధన చేసినా స్వరం తన స్థానంలో పలుకదు. అటువంటి వాద్యంతో ఆరంభించిన విద్యార్థి తనలో లేని లోపాన్ని తనకు అంటగట్టుకొని, ఆ విద్యకే దూరమవుతాడు. అందుచేత గిటారు కొనడం కేవలం డబ్బుకు సంబంధించిన విషయం కాదు.

1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేసు ప్రారంభమైన భిలాయి ఉక్కునగరంలో ఉద్యోగార్థం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం. అక్కడి హథ్‌ఖోజ్ పారిశ్రామికవాడలో ఇనుమును కోసి, మలచి, కొలిచే కార్ఖానాలు ఉన్నాయి. ఇరుసులోని వంపును కంటితో పసిగట్టే ఫిట్టరు, వెంట్రుకవాసి తేడాను సహించని టర్నరు, సంగీతం తెలియకపోయినా, గిటారు దుకాణంలో రంగునూ మెరుగునూ చూసి మోసపోవలసిన పని లేదు. వృత్తిలో అలవడిన చూపే అక్కడ కూడ అక్కరకు వస్తుంది.

మొదట తేల్చుకోవలసినది తీగల రకం. ఉక్కు తీగలు ఆరూ కలిసి సుమారు 70 కిలోల బరువుకు సమానమైన లాగుడును చెక్కపై మోపుతాయి. నైలాన్ తీగల లాగుడు అందులో సగం కంటె కొంచెమే ఎక్కువ. లేత వ్రేళ్ళకు నైలాన్ తీగలే అనుకూలం. పాటకు తోడుగా గట్టిగా మ్రోగించదలచిన వారికి ఉక్కు తీగలు తగినవి. నైలాన్ తీగలకు చేసిన గిటారుకు ఉక్కు తీగలు బిగిస్తే పై పలక ఉబ్బి, తీగలు ఆనే బ్రిడ్జి ఊడిపోవచ్చు. చిన్నపిల్లలకు సగం, ముప్పాతిక పరిమాణాలలో గిటారులు లభిస్తాయి. “పెరిగాక పనికి వస్తుంది” అని పెద్దది కొనడం పొదుపు కాదు.

తరువాత చూడవలసినది పై పలక. 1862లో స్పెయిన్ దేశపు శిల్పి అంతోనియో దె టోరెస్ ఒక గిటారు వెనుక భాగాన్నీ, ప్రక్కలనూ కాగితపు అట్టతో చేసి, పై పలకను మాత్రం మేలైన చెక్కతో అమర్చాడు. నాదానికి ప్రాణం ఆ పలకయే అని నిరూపించడం ఆయన ఉద్దేశం. గిటారు నడుమ ఉన్న రంధ్రపు అంచును పరిశీలిస్తే రహస్యం తెలుస్తుంది. పైన కనిపించే చెక్క చారలు అంచులో కూడ కొనసాగితే అది ఏకచెక్క. పొరలు కనిపిస్తే ప్లైవుడ్. ఏకచెక్క నాదం మధురం. అయితే వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటి, ఆ వెంటనే వానాకాలపు చెమ్మ ముంచుకొచ్చే భిలాయి వంటి చోట అది త్వరగా వంగవచ్చు, పగులవచ్చు. ప్రారంభకునికి చక్కగా చేసిన ప్లైవుడ్ గిటారు చాలును.

రాయపూర్ నుండి విజయనగరం వెళ్ళే రైలుమార్గంలోనే వీణలకు ప్రసిద్ధి చెందిన బొబ్బిలి ఉంది. ఆ ఊరి చెంతనున్న గొల్లపల్లి శిల్పులు పనస దుంగను తొలిచి ఏకాండి వీణను తయారు చేస్తారు. ఆ వీణ మెట్లు మైనంపై నిలిచి ఉంటాయి. స్థానం తప్పితే మైనాన్ని కరిగించి సరిచేయవచ్చు. గిటారుకు ఈ రెండు సౌకర్యాలూ లేవు. అది అనేక అతుకుల వాద్యం; దాని మెట్లు చెక్కలో దిగగొట్టినవి. కనుక కొన్న తరువాత చింతించుటకంటె కొనక ముందు పరీక్షించుటయే మేలు.

ఆ పరీక్షలు కష్టమైనవి కావు. గిటారును కంటి ఎత్తున పట్టుకొని తలవైపు నుండి మెడ పొడవునా చూడాలి. మెలి తిరిగి ఉంటే అది పనికిరాదు. 12వ మెట్టు వద్ద తీగకూ మెట్టుకూ మధ్య ఎడం ఉక్కు తీగలకు సుమారు 2 నుండి 3 మిల్లీమీటర్లు, నైలాన్ తీగలకు 3 నుండి 4 మిల్లీమీటర్లు ఉండవచ్చు. ప్రతి తీగనూ ప్రతి మెట్టుపైనా నొక్కి మీటితే ఎక్కడా గరగర వినిపించరాదు. పిమ్మట 12వ మెట్టుపైన తీగను నొక్కకుండా వ్రేలితో తాకి ఒకసారి, నొక్కి మరొకసారి మీటాలి. రెండు నాదాలూ ఒకే స్వరంగా వినిపించాలి. చివరగా పెట్టెను వ్రేళ్ళతో తట్టినపుడు ఎక్కడైనా టకటకమని వదులుగా పలికితే లోపల ఏదో అతుకు విడినట్లే.

వాయించడం రానివారు తెలిసినవారిని వెంట తీసుకొని వెళ్ళి, వారు రెండు మూడు గిటారులు మీటుతుండగా వెనుదిరిగి నిలబడి వినడం మంచిది. కంటికి నచ్చిన రంగు అప్పుడు చెవిని ఏమార్చలేదు. ఉన్న డబ్బంతా గిటారుకే పోయకుండా, అదనపు తీగలకూ, తీగల ఎత్తును సరిచేయించడానికీ కొంత మిగుల్చుకోవాలి. ఇంటికి తెచ్చిన తరువాత ఎండలోనూ, కూలరు తడిగాలికి ఎదురుగానూ ఉంచక, పెట్టెలో భద్రపరచాలి.

పాలకొల్లులో జన్మించిన యు. శ్రీనివాస్ (1969–2014) బాల్యంలోనే మాండొలిన్ చేపట్టి, దాని నాలుగు జతల తీగల స్థానంలో అయిదు విడి తీగలు అమర్చుకొని కర్ణాటక సంగీతాన్ని పలికించారు. వాద్యం విద్వాంసునికి తగినట్లుగా మారింది. అంతటి మార్పు చేయగల శక్తి ప్రారంభకునికి ఉండదు. అతనికి తగిన వాద్యాన్ని ఎంచి చేతికివ్వడం పెద్దల వంతు. ఆ పని జరిగిన తరువాతనే, సంగీతం అబ్బినదీ లేనిదీ నిర్ణయించడం న్యాయం.