పల్లకి మోయువారి గౌరవము

మన పాఠశాలకు వచ్చు తల్లిదండ్రులు ఉపాధ్యాయులను తరచుగా అడుగు ప్రశ్న ఒకటి కలదు. "అయ్యా, తమరు ప్రధానోపాధ్యాయులగుట యెప్పుడు?" అని వారడుగుదురు. అడుగువారి మనస్సులో కల్మషము లేదు. అది అభిమానముతో అడుగు మాటయే. కాని ఆ ప్రశ్నలో ఒక లోకాభిప్రాయము దాగియున్నది. పీఠమెక్కినవాడే పెద్దయనియు, ఎక్కనివాడు దారిలో ఎక్కడనో నిలిచిపోయినవాడనియు మనము తలచుచున్నాము. పిల్లలు ఈ తలపునే ఇంటినుండి బడికి తెచ్చుకొనుచున్నారు. జట్టు నాయకత్వము తనకీయనిచో ఆటయే వలదని మూలకు పోయి కూర్చుండు బాలురను మనమందరము చూచియున్నాము.

ఈ అభిప్రాయము ఎంతవరకు సరియైనదో విచారించుటకై దూరదేశమగు అమెరికాలోని ఒక ఆటల శిక్షకుని జీవితమును పాఠకుల యెదుట ఉంచుచున్నాను. ఆయన పేరు లారీ జాన్సన్. కళాశాలల ఫుట్‌బాల్ జట్లలో రక్షణ పంక్తికి శిక్షణ నిచ్చుట ఆయన వృత్తి.

ముందుగా ఆ ఆటను గూర్చి నాలుగు మాటలు చెప్పవలెను. మనము ఫుట్‌బాల్ అని పిలుచు ఆట వేరు. అమెరికనులు ఆ పేరుతో పిలుచు ఆట వేరు. వారి బంతి గుండ్రనిది కాదు, రెండు కొనలు సన్నగిల్లిన అండాకారము గలది. దానిని కాలితో తన్నుటకంటె చేతబట్టి పరుగెత్తుటయు, విసరుటయు ఎక్కువ. ఒక్కొక్క పక్షమున పదునొకండుగురు ఆడుదురు. మైదానము నూరు గజముల పొడవు. బంతి గల పక్షమువారు నాలుగు ప్రయత్నములలో పది గజములు ముందుకు సాగవలెను; సాగినచో మరల నాలుగు ప్రయత్నములు లభించును, లేనిచో బంతి చేజారును. బంతిని విసరు ఆటగానిని క్వార్టర్‌బ్యాక్ అందురు. దేశమంతట మారుమ్రోగునది అతని పేరే.

ఆ క్వార్టర్‌బ్యాక్‌ను అడ్డగించుటకు ఎదుటి పక్షపు ముందు వరుసలో సాధారణముగా నలుగురు నిలుతురు. ఇదియే రక్షణ పంక్తి. ఒక చేయి నేలకానించి, నడుము వంచి, బంతి కదలిన తక్షణమే పైకి లేచి, తమకు దీటైన బలశాలులను త్రోసికొనిపోవుట వీరి పని. చెడుగుడు ఆటలో కూతకు వచ్చినవానిని మొట్టమొదట పట్టుకొన్నవాని కష్టమెరిగినవారికి ఈ పని స్వభావము కొంత బోధపడును.

ఈ నలుగురికి నేర్పువాడు పంక్తి శిక్షకుడు. జట్టంతటికి అధిపతి ప్రధాన శిక్షకుడు. ఆయన క్రింద ఒక్కొక్క విభాగమునకు ఒక్కొక్క సహాయ శిక్షకుడుండును. పత్రికలు ప్రకటించునది ప్రధాన శిక్షకుని మాటలను. పంక్తి శిక్షకుడు నేర్పునవి చూచుటకు అల్పములు. తొలి యడుగు ఎంత దూరము వేయవలెను? అరచేయి ఎదుటివాని రొమ్మున ఎచ్చట తాకవలెను? తుంటి ఎంత క్రిందుగా నుండవలెను? ఇవియే దినదినము, మరల మరల చేయించవలెను. పసివాని వ్రేలు పట్టి అక్షరములు దిద్దించు పంతులు పనికిని దీనికిని భేదము స్వల్పము.

జాన్సన్ ఉత్తర కరోలినా రాష్ట్రములోని ఎలిజబెత్ సిటీ స్టేట్ విద్యాసంస్థలో చదివి, అచ్చటనే ఫుట్‌బాల్ ఆడెను. నల్లజాతివారిని ఉపాధ్యాయులుగా తీర్చిదిద్దుటకై 1891లో స్థాపింపబడిన సంస్థ అది. తరువాత ఆయన సుమారు ఇరువది సంవత్సరములు మేరీలాండ్, వర్జీనియా రాష్ట్రములలోని ఉన్నత పాఠశాలలలో బాలురకు శిక్షకుడుగా నుండెను. ఈ ఇరువది సంవత్సరములను ఆయన జీవితచరిత్రలో పీఠికగా భావించి దాటిపోవుట తగదు. ఒక బాలునకు ఒక విషయము ఎందుకు అర్థము కాలేదో కనిపెట్టు విద్యను ఆయన అలవరచుకొన్నది బడిపిల్లల మధ్యనే యని నా నమ్మకము.

1996లో పెన్సిల్వేనియా రాష్ట్రములోని పెన్ స్టేట్ విశ్వవిద్యాలయము ఆయనను పిలిచెను. 1966 మొదలు జో పటెర్నో అచ్చట ప్రధాన శిక్షకుడు. జాన్సన్ మొదట పంక్తి చివరల నిలుచు ఆటగాండ్రకును, 2000 నుండి పంక్తి యంతటికిని గురువయ్యెను. అమెరికాలో వృత్తి జట్లు ఏటేట కళాశాల ఆటగాండ్రను వరుసగా ఎన్నుకొనును. ముందు ఎన్నుకొనబడినవానికి గౌరవమధికము. 2000లో దేశము మొత్తముమీద మొట్టమొదట ఎన్నుకొనబడిన కోర్ట్నీ బ్రౌన్ జాన్సన్ శిష్యుడే.

మరియొక శిష్యుని కథ మన విద్యార్థులు తెలిసికొనదగినది. తంబా హాలి జన్మభూమి పశ్చిమ ఆఫ్రికాలోని లైబీరియా. అచ్చటి అంతర్యుద్ధమువలన అతడు 1994లో, పదేండ్ల ప్రాయమున, తల్లిని విడిచి న్యూజెర్సీలోనున్న తండ్రిని చేరెను. యుద్ధమువలన చదువు చెడిన బాలునకు పరదేశపు బడి సులభము కాలేదు. ఫుట్‌బాల్ ఆటను గూడ అతడు అమెరికాకు వచ్చిన తరువాతనే నేర్చెను. అట్టివాడు పెన్ స్టేట్ చేరి, జాన్సన్ శిక్షణలో పెరిగి, 2005లో బిగ్ టెన్ అను విశ్వవిద్యాలయ కూటమిలోని రక్షణ పంక్తి ఆటగాండ్రలో ఉత్తముడుగా ఎన్నికయ్యెను. 2006లో కాన్సస్ సిటీ జట్టు అతనిని మొదటి విడతలోనే ఎన్నుకొనెను. ఆ సంవత్సరమే అతడు అమెరికా పౌరుడై, పండ్రెండేండ్లుగా దూరమైయున్న తల్లిని తన దరికి చేర్చుకొనెను. ఇదంతయు ఒక్క గురువు వలననే జరిగెననుట అతిశయోక్తి. హాలి పట్టుదల హాలిదే. కాని పట్టుదల గల బాలునకు, మొదటి యడుగు ఇట్లు వేయుమని ఓపికతో చూపువాడొకడు కావలెను గదా!

ఇక పీఠము మాటకు వత్తము. 2011 నవంబరులో పెన్ స్టేట్‌లో బయటపడిన ఒక దారుణ నేరోదంతము కారణముగా పటెర్నో పదవినుండి తొలగింపబడెను. తరువాత వచ్చిన బిల్ ఓబ్రయన్ పాత సహాయ శిక్షకులలో మిక్కిలి కొద్దిమందినే నిలుపుకొనగా, జాన్సన్ వారిలో ఒకడు. రెండేండ్లకు ఓబ్రయన్‌యు వెడలిపోయెను. 2014 జనవరిలో జాన్సన్ కొన్ని దినములు తాత్కాలిక ప్రధాన శిక్షకుడుగా నుండెను. శాశ్వత పదవికి ఆయన పేరు గూడ పరిశీలనకు వచ్చెను. కాని పదవి జేమ్స్ ఫ్రాంక్లిన్‌కు దక్కెను. పదునెనిమిది సీజన్లు పనిచేసిన చోటును వదలి, జాన్సన్ ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయమునకు పోయెను. పోయినది మరల రక్షణ పంక్తికి శిక్షకుడుగానే.

ఆశించినది దక్కనప్పుడు మనిషి చేయు పనిలో వాని విలువ తెలియును. ఆ సీజను ముగింపున, 2015 జనవరి 12న, ఒహాయో స్టేట్ జట్టు ఒరెగన్‌ను 42–20తో ఓడించి జాతీయ విజేత యయ్యెను. జాన్సన్ పంక్తిలో ఆడిన జోయీ బోసా 2016లో మూడవవాడుగాను, అతని తమ్ముడు నిక్ బోసా 2019లో రెండవవాడుగాను, చేజ్ యంగ్ 2020లో రెండవవాడుగాను వృత్తి జట్లచే ఎన్నుకొనబడిరి. ముగ్గురును వృత్తి క్రీడలో తమ తొలియేటనే నూతన రక్షణ ఆటగాండ్రలో ఉత్తములను బిరుదము పొందిరి. నిక్ బోసా 2022లో రక్షణ ఆటగాండ్రందరిలో ఉత్తముడయ్యెను. 2025 జనవరి 20న నోటర్ డామ్‌పై 34–23తో గెలిచి ఒహాయో స్టేట్ మరల జాతీయ విజేత యైనప్పుడును పంక్తికి గురువు జాన్సనే.

ఆయన పద్ధతిలో నాకు మిక్కిలి నచ్చినది మరియొకటి. బలశాలులైన నలుగురినే ఆట ముగియువరకు నిలుపక, ఆయన పెక్కుమందిని వంతులవారీగా మైదానమునకు పంపును. అలసట తగ్గుట ఒక లాభము. రెండవ వరుస బాలుడును నిజమైన ఆట ఆడి నేర్చుకొనుట అంతకంటె పెద్ద లాభము. నేడు బల్లపై కూర్చున్నవాడే మరుసటి యేడు పంక్తికి ఆధారమగును. తరగతిలో ముందు బల్లవారినే ప్రశ్నించు మావంటి ఉపాధ్యాయులు దీనిని గూర్చి ఆలోచింపవలెను.

"అందరును పల్లకి ఎక్కువారే యైన మోయువారెవ్వరు?" అని మన పెద్దలందురు. ఇంతవరకు చెప్పిన కథ ఈ సామెతకు వ్యాఖ్యానమువలె నున్నది. కాని ఇచ్చటనే ఆగిన యెడల నేను సగము సత్యమునే చెప్పినవాడనగుదును. ఆ సామెతను సాధారణముగా పలుకువారెవరు? పల్లకిలో కూర్చున్నవారే! మోయువానికి మోతలోని గౌరవమును బోధించుట ఎక్కినవారికి సుఖముగానే యుండును.

2020 డిసెంబరు 5న ఒక సంఘటన జరిగెను. ఒహాయో స్టేట్ ప్రధాన శిక్షకుడు ర్యాన్ డే కోవిడ్ సోకుటచే రాలేకపోగా, ఆ దినమున జాన్సన్ ఆ స్థానమున నిలిచి జట్టును నడిపెను. మిచిగన్ స్టేట్‌పై 52–12తో గెలుపు లభించెను. ఆ జట్టు చరిత్రలో ప్రధాన శిక్షకుని స్థానమున నిలిచిన మొదటి నల్లజాతివాడు ఆయనయే. శతాబ్దమునకు మించిన చరిత్ర గల జట్టునకు అట్టి దినము 2020 వరకు రాలేదు. వచ్చినదియు ఒక్క ఆటకొరకు, అధిపతి అస్వస్థత వలన. పెన్ స్టేట్‌లో పదవి పొందిన ఫ్రాంక్లిన్ నల్లజాతివాడే గనుక ఆ నిర్ణయమును జాతిభేదమునకు ముడివెట్టుట న్యాయము కాదు. అయినను, మైదానమున నల్లజాతి ఆటగాండ్రు అంత విస్తారముగా నున్న ఆటలో, పీఠములపై వారి సంఖ్య అంత స్వల్పముగా నుండుట ఆ దేశపు విజ్ఞులే చిరకాలముగా ఎత్తిచూపుచున్న లోపము.

కనుక నా అభిప్రాయము రెండు భాగములుగా నున్నది. సహాయకుని పనిని తక్కువ పనిగా నెంచుట తప్పు. ఆ పనిని పొగడుచు, అర్హుడైనవానిని అచ్చటనే కూర్చుండబెట్టుట అంతకంటె పెద్ద తప్పు. జాన్సన్ పీఠమును కోరకుండిన విరాగి కాడు. అవకాశము వచ్చినప్పుడు ముందుకు వచ్చెను. రానప్పుడు పనిని పాడుచేయలేదు. ఈ రెంటిలో ఏ ఒక్కటి లోపించినను ఆయన జీవితము మనకు దృష్టాంతము కాజాలదు.

కొందరు ఒక ఆక్షేపణ చేయవచ్చును. అమెరికా కళాశాల క్రీడలలో ధనము విస్తారము, అచ్చటి సహాయ శిక్షకునకు గొప్ప వేతనము లభించును, మన బడిపంతులుతో పోలిక యెట్లు కుదురును అని. ఈ ఆక్షేపణ సమంజసమే. నిజమునకు అది నా వాదమును బలపరచుచున్నది. పునాది పనివానిని అచ్చటివారు పొగడ్తలతో మాత్రమే సరిపెట్టలేదు; జీతముతో గూడ గౌరవించిరి. మనము గురువునకు నమస్కారము చేయుటలో లోటు చేయము. నమస్కారముతో పాటు బ్రతుకుతెరువును, పుస్తకములను, తగిన గదిని సమకూర్చుటలో మాత్రము వెనుకబడుచున్నాము.

విద్యార్థులారా! పరభాషా ప్రాంతమున తెలుగు చదువుకొనుచున్న మీకు "మనబోటివారికి ఇంతే" అను మాట తరచుగా వినబడును. దానిని నమ్మకుడు. అర్హత సంపాదించి, తగిన స్థానమును నోరు విప్పి అడుగుడు. అది లభించువరకు, లభింపకున్నను, చేతిలోని పనిని చులకన చేయకుడు. తల్లిదండ్రులారా! ఈసారి బడికి వచ్చినప్పుడు మీరెప్పుడు ప్రధానోపాధ్యాయులగుదురని మమ్మడుగవలదు. "మావాడు ఈ యేడు మీవద్ద ఏమి నేర్చెను?" అని అడుగుడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పుట మాకు కొంత కష్టమే. అయినను మమ్మడుగవలసిన ప్రశ్న అదియే.