ఇంజిన్ తిరగరాసేవాళ్ళు దొంగలు కారు

వీడియో గేమ్ అనగానే మన సాహిత్య మిత్రుల్లో చాలామంది మొహం పక్కకి తిప్పుకుంటారు. సరే, ఎవరి ఇష్టం వాళ్ళది. కానీ పాత గేములకి కొత్తగా ఇంజిన్ రాసేవాళ్ళ గురించి చెప్తే మాత్రం రెండు మాటలు వినిపిస్తాయి. "అది పైరసీ కదా?" అనేది నా తోటి సాఫ్ట్‌వేర్ వాళ్ళ మాట. "ఉన్నదాన్నే మళ్ళీ చేస్తే అందులో సృష్టి ఏముంది?" అనేది సాహిత్యం వాళ్ళ మాట. రెండూ తప్పే. రెండోది మరీ తప్పు. దానికి జవాబు వాళ్ళ పుస్తకాల అరలోనే ఉంది.

ముందు ఆ పనేమిటో చూద్దాం. రోల్-ప్లేయింగ్ గేములో రెండు భాగాలుంటాయి. కథ, సంభాషణలు, బొమ్మలు, సంగీతం ఒక భాగం. ఇవి డేటా ఫైళ్ళు. వాటిని చదివి తెర మీద ఆడించే ప్రోగ్రాం రెండోది, అదే ఇంజిన్. ఫైళ్ళని జాగ్రత్తగా కాపీ చేసుకుంటూ పోతే ఎన్నేళ్ళయినా ఉంటాయి. ఇంజిన్ మాత్రం తను పుట్టిన కాలపు కంప్యూటర్‌తోనే ముసలిదైపోతుంది. 1992లో వచ్చిన అల్టిమా 7 మెమరీని తనదైన పద్ధతిలో వాడుకునేది, ఆ పద్ధతి విండోస్‌కి పడలేదు. గేమ్ డిస్కులో భద్రంగానే ఉంది, ఆడటమే కుదరదు. ఎక్జల్ట్ అనే ప్రాజెక్టు దానికి కొత్త ఇంజిన్ రాసింది. 2002 నాటి మారోవిండ్ కోసం ఓపెన్‌ఎండబ్ల్యూ 2008లో మొదలైంది. బాల్డర్స్ గేట్ (1998), ప్లేన్‌స్కేప్: టార్మెంట్ (1999) కోసం జెమ్‌ఆర్‌బి ఉంది. టార్మెంట్ చాలావరకు చదువుకునే గేమే, అందులోని సంభాషణలన్నీ అచ్చేస్తే కొన్ని నవలలవుతాయి. దాన్ని తయారుచేసిన బ్లాక్ ఐల్ స్టూడియో 2003లోనే మూతపడింది.

కొత్త ఇంజిన్లు రాసేవాళ్ళకి పాత సోర్స్ కోడ్ ఎవరూ ఇవ్వలేదు. ఫైలు తెరిచి, ఏ బైటు దేనికి గుర్తో ఊహించి, రాసి, ఆడి చూసి, అసలు గేముతో పోల్చి, దిద్దుతారు. ఏళ్ళ తరబడి, ఎక్కువమంది జీతం లేకుండా.

ఇక పైరసీ సంగతి. ఈ ప్రాజెక్టులు గేమ్ కథనీ బొమ్మల్నీ పంచిపెట్టవు. ఓపెన్‌ఎండబ్ల్యూలో మారోవిండ్ ఆడాలంటే మారోవిండ్ కొనుక్కోవలసిందే, డబ్బులు కంపెనీకే పోతాయి. మన 1957 కాపీరైట్ చట్టం కూడా 52వ సెక్షన్‌లో ఈ దారి తెరిచే ఉంచింది. న్యాయంగా ప్రోగ్రాం కొనుక్కున్నవాడు, తను సొంతంగా రాసిన ప్రోగ్రాం దానితో కలిసి పనిచేయడానికి కావలసిన సమాచారం ఇంకెక్కడా సులువుగా దొరక్కపోతే, తనే రాబట్టుకోవచ్చు. పుస్తకం కొని, కళ్ళజోడు సొంతంగా చేసుకుంటే దొంగతనం ఎట్లయితది?

ఇప్పుడు "సృష్టి ఏముంది" అన్న మాట. మానవల్లి రామకృష్ణకవి 1909లో నన్నెచోడుడి కుమారసంభవాన్ని వెలుగులోకి తెచ్చారు. అది కూటసృష్టి అనీ, ప్రాచీన కావ్యం కాదనీ వాదించినవాళ్ళున్నారు గానీ, "తాళపత్రం చదివి అచ్చేస్తే గొప్పేముంది" అని ఎవరూ తీసిపారేయలేదు. బ్రౌన్ పండితుల్ని కూర్చోబెట్టి ప్రతులు సరిపోల్పించాడు. వాళ్ళని పరిష్కర్తలని గౌరవిస్తాం. చదవడానికి వీల్లేని పాఠాన్ని చదివించేలా చేసిన పని, తాటాకు మీద చేస్తే పాండిత్యం, సిడి మీద చేస్తే కాలక్షేపమా?

ఇందులో అసలైన చిక్కు ఒకటుంది, ఒప్పుకోవాలి. పాత ఇంజిన్‌లో తప్పులుండేవి, ఆటగాళ్ళు వాటికి అలవాటుపడ్డారు. కొత్త ఇంజిన్ ఆ తప్పుల్ని దిద్దాలా, ఉంచాలా? దిద్దితే అది అదే గేమా? ఇది పాఠాంతరాల తగాదానే. తేడా ఏమిటంటే ఇక్కడ మార్చిన ప్రతి లైనూ ఎవరు, ఎప్పుడు మార్చారో బహిరంగంగా నమోదై ఉంటుంది. అంత నిక్కచ్చి పీఠిక మన కావ్యాల్లో ఎన్నింటికుంది? మరోపక్క 2012లో బాల్డర్స్ గేట్‌ని అధికారికంగా కొత్త హంగులతో విడుదల చేసినప్పుడు పాత కథలోకి కొత్త పాత్రల్ని చేర్చారు. మన భాషలో దాన్ని ప్రక్షిప్తం అంటారు. దానికేమో "అధికారిక" ముద్ర, జాగ్రత్తగా మూలాన్ని కాపాడేవాడికేమో "దొంగ" అన్న పేరు.

మాది ఘనపూర్, కోటగుళ్ళ ఘనపూర్. మా దిక్కు పాత కట్టడాన్ని నిలబెట్టడమంటే ఏమిటో విడమరిచి చెప్పనక్కర్లేదు. హనుమకొండ వేయిస్తంభాల గుడి కల్యాణమండపాన్ని రాయి రాయిగా విప్పి, పునాది కొత్తగా వేసి, ఆ రాళ్ళనే మళ్ళీ పేర్చి 2024లో తెరిచారు. పునాది కొత్తదని దాన్ని నకిలీ మండపం అనం కదా. డేటా ఆ రాళ్ళయితే, ఇంజిన్ ఆ పునాది.

"గేములతో మాకేం పని" అనేవాళ్ళకి ఒక మాట. కొన్ని దశాబ్దాల తెలుగు పుస్తకాలు పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో తయారయ్యాయి. ఆ ఫైళ్ళలో తెలుగక్షరాలు లేవు. తలకట్టుకో కోడు, వత్తుకో కోడు, అంతే. ఫాంటు లేకుండా తెరిస్తే పిచ్చిగీతలు. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 2001లో వచ్చింది. ఆ తర్వాత కోడ్ల పట్టికలు కూర్చి, యూనికోడ్‌లోకి మార్చే పరికరాలు రాసినవాళ్ళలో చాలామంది ఇలాంటి ఔత్సాహికులే. సొంత ఫాంట్లు వాడిన మన పత్రికల సైట్లని ఫైర్‌ఫాక్స్‌లో యూనికోడ్‌గా చూపించిన పద్మ అలాంటిదే. గేమ్ ఫైలు విప్పేవాడూ, అను ఫైలు విప్పేవాడూ చేసేది ఒకటే పని. ఒకడిని దొంగ అంటే రెండోవాడినీ అన్నట్టే.

కాబట్టి రచయితలకీ ప్రచురణకర్తలకీ నా విన్నపం ఇది. డిటిపి చేయించినప్పుడు పీడీఎఫ్‌తో సరిపెట్టుకోకండి. మూల ఫైలూ, వాడిన ఫాంటు పేరూ అడిగి రాసిపెట్టుకోండి. వీలైతే యూనికోడ్ ప్రతి కూడా చేయించండి. రేపు మీ పుస్తకాన్ని విప్పడానికి కూర్చునే కుర్రాడికి ఆధారం అదే. ఆ పని చేసేవాడి పేరు తర్వాతి ముద్రణ పీఠికలో వేయండి.