ఏం గాదన్నా, పోయిరా!

స్టాంపింగ్ గురించి మన వాళ్ళలో ఎవరిని సలహా అడిగినా ఒకటే మాట. "ఏం గాదన్నా, పోయిరా. మా ఫ్రెండు మొన్ననే పోయొచ్చిండు, రెండు ప్రశ్నలడిగి పాస్‌పోర్ట్ తీసుకున్నరంట." ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ ఫ్రెండుకి పాత రిఫ్యూజల్ ఉందా, ఉంటే ఏ సెక్షన్ కింద, వాడు చేసేది డైరెక్ట్ ఉద్యోగమా లేక క్లయింట్ దగ్గర కాంట్రాక్టా, ఇవేవీ చెప్పేవాడికి తెలియవు. అయినా ధైర్యం మాత్రం పుష్కలంగా ఇస్తాడు. పోయేది వాడి ఉద్యోగం కాదు కదా!

ముందు ఒక చిన్న వివరణ (తెలిసినవాళ్ళు ఈ పేరా వదిలేయండి). హెచ్-1బి ఎక్స్‌టెన్షన్ అప్రూవ్ అయితే దొరికేది అమెరికాలో ఉండి పని చేసుకునే అనుమతి. పాస్‌పోర్ట్‌లో అతికించే వీసా వేరు. అది లోపలికి వచ్చేటప్పుడు గుమ్మం దగ్గర చూపించే కాగితం. లోపలున్నంత కాలం దాని తేదీ అయిపోయినా ఎవడూ అడగడు, బయట కాలు పెట్టామా, ఇక అదే దిక్కు. 2004 దాకా పాస్‌పోర్ట్‌ని పోస్టులో పంపి, అమెరికాలో కూర్చునే ఆ ముద్ర వేయించుకోవచ్చు. వేలిముద్రల నిబంధన వచ్చిందని ఆ ఏడాది జూలైలో ఆ పద్ధతి ఆపేశారు. అప్పట్నుంచీ ముద్ర కోసం సముద్రాలు దాటుతున్నాం.

ఇప్పుడు అసలు విషయం. మనలో పాత రిఫ్యూజల్స్ ఉన్నవాళ్ళు చాలామంది. బీటెక్ అయిపోగానే ఎఫ్-1కి వెళ్ళడం, 214బీ కింద కొట్టించుకోవడం, మళ్ళీ ఇంకో యూనివర్సిటీ, మళ్ళీ 214బీ... హైదరాబాద్‌లో 2009లో వీసాలు మొదలయ్యేదాకా దీనికోసం చెన్నై రైలెక్కేవాళ్ళు. చిలుకూరు బాలాజీకి నూటెనిమిది ప్రదక్షిణలు బాకీ ఉన్నవాళ్ళు ఇప్పటికీ ఎంతమందో. నిజానికి ఆ 214బీ హెచ్-1బి వాడికి పెద్ద అడ్డేమీ కాదు. "తిరిగి ఇండియా పోతానని నిరూపించు" అనే షరతు నుంచి హెచ్-1బి, ఎల్-1 వాళ్ళని 1990 చట్టమే మినహాయించింది. అంటే రిఫ్యూజల్ దానంతట అది చంపదు. చంపేది దాన్ని దాచడం.

డీఎస్-160 ఫారంలో సూటిగా ఒక ప్రశ్న ఉంటుంది: ఎప్పుడైనా వీసా నిరాకరించారా, అమెరికాలోకి రానివ్వలేదా, పోర్ట్ ఆఫ్ ఎంట్రీలో అప్లికేషన్ వెనక్కి తీసుకున్నారా అని. మూడూ ఒకే ప్రశ్న. 2015 డిసెంబరులో కాలిఫోర్నియా కాలేజీల్లో చేరబోయి విమానాశ్రయం నుంచే వెనక్కొచ్చిన మన పిల్లలూ, 2023 ఆగస్టులో ఒకేసారి తిప్పి పంపేసిన ఇరవై ఒక్క మందీ (అందులో ఎక్కువమంది మన తెలుగువాళ్ళే) దీనికి "అవును" అనే రాయాలి. 221జీ అని రంగు కాగితం చేతిలో పెట్టి తర్వాత వీసా ఇచ్చినా సరే, చట్టం లెక్కలో అదీ రిఫ్యూజలే. కానీ ఫారం నింపేది ఎవరు? కన్సల్టెన్సీలో కూర్చున్న కుర్రాడు. "పదేళ్ళ కిందటిది గదా సార్, నో పెట్టేద్దాం, ఎందుకు లేనిపోని తలనొప్పి" అంటాడు. సంతకం మీది, జవాబుదారీ మీరు. ఆ పాత అప్లికేషన్, దాంతో ఇచ్చిన వేలిముద్రలు, అప్పుడు రాసుకున్న నోట్సు, అన్నీ ఆఫీసరు స్క్రీన్ మీద ఉంటాయి. అబద్ధమాడి వీసా కోసం ప్రయత్నించాడని తేలిస్తే పడేది జీవితకాలపు నిషేధం. తర్వాత ప్రతిసారీ ప్రత్యేక మినహాయింపు కోసం దేబిరించాలి. అప్పటిదాకా ఉన్నది ఒక పాత 214బీ, మానిపోయిన గాయం. దాన్ని కెలికి పుండు చేసేది ఈ "నో పెట్టేద్దాం" గాళ్ళు.

మాది పాన్‌గల్. పాలమూరు లేబర్ అంటే తెలియనివాళ్ళుండరు. డ్యాముల దగ్గర, కాలువల దగ్గర, బొంబాయి బిల్డింగుల దగ్గర మట్టి మోసింది మా వాళ్ళే. గుంపు మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి మందిని తోలుకుపోయేవాడు. వాడు చేసే మోసాలు వాడు చేసేవాడు, లెక్కల్లో తినేవాడు, నేను వాణ్ణి మెచ్చుకోవట్లేదు. కానీ ఆ మేస్త్రీ గుంపుతోపాటే పోయేవాడు, ఆ గుడారాల పక్కనే పడుకునేవాడు. మన కన్సల్టెన్సీ మేస్త్రీలు అదీ చెయ్యరు. కమీషను గంటల చొప్పున తీసుకుంటారు, కిటికీ దగ్గరికి మాత్రం మీరొక్కరే పోవాలి. అక్కడ ఆఫీసరు "క్లయింట్ లెటర్ ఏది, నీ మేనేజర్ ఎవరు, ఈ ఆఫీసులో ఎంతమంది ఉన్నారు" అని అడిగితే నీళ్ళు నమిలేది మీరు. అనుమానం వస్తే ఆఫీసరు పిటిషన్‌ని రద్దు చేయమని వెనక్కి పంపొచ్చు. అది నెలల తరబడి సాగుతుంది. ఈలోగా ప్రాజెక్టు పోతుంది, బిల్లింగ్ ఆగుతుంది, బిల్లింగ్ ఆగాక మేస్త్రీగారు ఫోనెత్తరు.

ఇంకో జానపద కథ ఉంది, "మెక్సికో అయితే ఈజీ" అని. కెనడాకో మెక్సికోకో వెళ్ళి ప్రయత్నిస్తాం, ఇస్తే ఇచ్చారు, లేకపోతే ముప్పై రోజుల్లోపు ఐ-94 చూపించి వెనక్కి వచ్చేస్తాం అంటారు. ఈ వెసులుబాటు 2002 ఏప్రిల్‌లోనే పోయింది మహాప్రభో! వీసాకి అప్లై చెయ్యకుండా ఊరికే తిరిగొచ్చేవాళ్ళకే ఆ ముప్పై రోజుల సదుపాయం. అక్కడ అప్లై చేసి కాదనిపించుకున్నా, పెండింగ్‌లో పడినా, మళ్ళీ సరిహద్దు దాటనివ్వరు. కారు పార్కింగ్ లాట్‌లో, పిల్లలు స్కూల్లో, మీరు టిహువానాలో. అక్కణ్ణుంచి నేరుగా ఇండియాకే టికెట్. పైగా 2025 సెప్టెంబరు 6న ఎవరి దేశంలోనో, నివాసముండే దేశంలోనో మాత్రమే అప్లై చేసుకోవాలని అమెరికా విదేశాంగ శాఖ చెప్పింది. అయినా ఈ కథ చెప్పేవాళ్ళు చెబుతూనే ఉన్నారు.

"రిఫ్యూజల్స్ ఉన్నోళ్ళకే భయం, మాకేంటి" అనుకునేవాళ్ళకి 2025 డిసెంబరు గుర్తు చేస్తా. డిసెంబరు 15 నుంచి హెచ్-1బి, హెచ్-4 వాళ్ళ సోషల్ మీడియా ఖాతాలు కూడా చూస్తామన్నారు. ఆ నెలలో ఇండియాలో అపాయింట్‌మెంట్లు ఉన్నవాళ్ళకి ఎడాపెడా మెయిళ్ళు, మీ తేదీ మార్చికో, ఆ తర్వాతకో మారింది అని. పాత తేదీకి వస్తే గేటు దగ్గరే ఆపేస్తాం అని ఎంబసీ ముందే ప్రకటించింది. పెళ్ళికని మూడు వారాలు సెలవు పెట్టి వచ్చినవాళ్ళు నెలల తరబడి అత్తగారింట్లో లాప్‌టాప్ పట్టుకుని కూర్చున్నారు. అన్నీ సవ్యంగా ఉన్నవాళ్ళ గతే అది. పాత రిఫ్యూజల్స్ ఉంటే డ్రాప్‌బాక్స్ దొరకడం అంతకు ముందూ కష్టమే. 2025 సెప్టెంబరు 2 తర్వాత ఆ డ్రాప్‌బాక్సే దాదాపు ఎవరికీ లేకుండా పోయింది. సమానత్వం అంటే ఇదేనేమో.

దీనికి తోడు లక్ష డాలర్ల సంగతి. 2025 సెప్టెంబరు 21 నుంచి పన్నెండు నెలల గడువుతో వచ్చిన ఆ ప్రకటనని, చెల్లే వీసా లేకుండా దేశం బయట ఉన్నవాడి కోసం వేసే కొత్త పిటిషన్‌కి వర్తింపజేశారు. మీరు అమెరికాలో ఉండగా ఉద్యోగం మారితే ట్రాన్స్‌ఫర్ మామూలు ఫీజుతో అయిపోతుంది. బయట ఇరుక్కుని, పాత పిటిషన్ రద్దయితే, కొత్త కంపెనీ మీకోసం లక్ష డాలర్లు కట్టాలి. ఎవడు కడతాడు?

కోర్టుకి పోదామంటారా? కాన్సులర్ ఆఫీసరు నిర్ణయాన్ని కోర్టులు సాధారణంగా ముట్టుకోవు. 2024 జూన్‌లో మునోజ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు అదే మళ్ళీ చెప్పింది. అక్కడ భార్య అమెరికా పౌరురాలు, పైగా లాయరు. ఆవిడ భర్తకే కుదరలేదు.

మరి అమ్మకి బాగాలేదని ఫోనొస్తే? ఇక్కడ నేనెవరికీ పోవద్దని చెప్పను. వనపర్తి ఆస్పత్రిలో నాన్న ఉంటే ఐ-94 చూసుకుంటూ కూర్చునేవాడు మనిషి కాదు. అలాంటివాడు పోవాల్సిందే. వెళ్ళేముందు వేసిన ప్రతి డీఎస్-160 కాపీ, ప్రతి రిఫ్యూజల్ తేదీ, సెక్షన్ దగ్గర పెట్టుకుని, ఫారం తన చేత్తో తను నింపుకుని, ఆర్నెల్లు రాకపోతే ఇల్లెలా గడుస్తుందో భార్యతో కూర్చుని మాట్లాడుకుని పోవాలి. నా గొడవంతా "క్రిస్మస్‌కి ఎట్లాగూ సెలవలే గదా, ఒక పనైపోతుంది" అని బయల్దేరేవాళ్ళతోనూ, వాళ్ళని బయల్దేరదీసేవాళ్ళతోనూ.

అమెరికాలోనే ముద్ర వేయడం అసాధ్యమేమీ కాదు. 2024 జనవరి నుంచి ఏప్రిల్ 1 దాకా ఇరవై వేల మందికి పరిమితం చేసి ప్రయోగాత్మకంగా తీసుకున్నారు. అదీ కొన్ని తేదీల మధ్య ఇండియాలోనో కెనడాలోనో పాత వీసా తీసుకున్నవాళ్ళకి, ఇంటర్వ్యూ మినహాయింపుకి అర్హత ఉన్నవాళ్ళకి మాత్రమే. మన సంఘాల వాళ్ళు ప్రతి మహాసభకీ ఏదో ఒక సినిమా హీరోని విమానంలో రప్పిస్తారు. హీరోగారి విమానం టికెట్ మీద పెట్టే శ్రద్ధలో పావు వంతు ఈ ముద్ర కోసం వాషింగ్టన్ మీద పెట్టమని వాళ్ళని ఎవరూ ఎందుకు అడగరు?