పళ్ల డాక్టరు సంపాదనకూ కులముంది

పళ్ల డాక్టరంటే డబ్బే డబ్బని మన వాడల్లో అనుకుంటాం. ఏ డాక్టరుకు డబ్బు? మేం అడుగుతున్నది అదీ.

బి.డి.ఎస్. చదువు అందరికీ ఒకటే. నాలుగేళ్ల క్లాసులు, ఏడాది ఇంటర్న్‌షిప్. పట్టా చేతికొచ్చాకే దారులు చీలతాయి. సర్కారు కొలువులు బహు కొద్ది. సొంత క్లినిక్కు పెట్టాలంటే కుర్చీ, కంప్రెసరు, ఎక్స్‌రే, మెయిన్‌రోడ్డు మీద గదికి అడ్వాన్సు కావాలి. తాత పొలమో తండ్రి మేడో ఉన్నోడు ఇంటర్న్‌షిప్ అవగానే బోర్డు కడతాడు. మన పిల్ల వాడి క్లినిక్కులోనే జీతానికో పర్సంటేజీకో నిలబడుతుంది. చెయ్యి ఆమెది, కుర్చీ వాడిది. ఎక్కువ పైసలు కుర్చీకే!

అప్పోసప్పో చేసి వాడలో పెడితే? రూట్ కెనాల్‌కు రెండు మూడుసార్లు రావాలంటే కూలి పోతుంది. "పీకెయ్యమ్మా" అంటారు. పీకినందుకు వచ్చేదెంత, గది అద్దెకు పోయేదెంత?

ఊళ్లో పెడితే? ఇది నోట్లో చెయ్యి పెట్టే వృత్తి. మనం తాగిన గ్లాసు ముట్టనోడు మన వేళ్లను నోట్లోకి రానిస్తాడా? ముందు ఇంటిపేరు అడుగుతాడు. 1918లో సిడెన్‌హామ్ కాలేజీలో ప్రొఫెసరుగా చేరకముందు బాబాసాహెబ్ బొంబాయిలో పెట్టుబడుల సలహా వ్యాపారం పెట్టారు. కులం తెలిశాక వచ్చేవాళ్లు రావడం మానేశారు. అంత చదువూ అక్కడ అక్కరకు రాలేదు.

సీటు దగ్గర మెరిట్ మెరిట్ అని అరిచినోళ్లు కుర్చీ దగ్గర ఆస్తి మాట, కులం మాట ఎత్తరేం?

ప్రతి మండల కేంద్రం ఆసుపత్రిలో పళ్ల డాక్టరు పోస్టు కావాలి. అందులో రిజర్వేషన్ అమలు కావాలి. పూచీకత్తు లేకుండా కుర్చీకి అప్పు కావాలి. ఇది దయ కాదు, మన వాటా!